వానలో బండి ముందు అద్దం



మన వైపు ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. మిగతా కాలమంతా ఎండకు వైపర్ రబ్బరు బిగుసుకుపోతుంది, అద్దానికి దుమ్ము, పొగ జిడ్డు పడతాయి. తొలి వానకు వైపర్ వేయగానే ఆ జిడ్డు అద్దమంతా పులుముకుంటుంది. రాత్రివేళ అమరాపురం నుండి మడకశిర మీదుగా హిందూపురానికి కాన్పు నొప్పులతో ఉన్న తల్లిని తెచ్చే డ్రైవరుకు ఎదుటి లారీ లైటు తప్ప రోడ్డు కనబడదు.

అద్దానికి పూసే వాన మందు గురించి కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. 1972లో అమెరికాలో వచ్చిన రెయిన్-ఎక్స్ వీటిలో పాతది. ఇందులో సిలికాన్ ఉంటుంది. మామూలు గాజు మీద నీళ్లు పొరలా పరుచుకుంటాయి. ఇది పూసిన గాజు మీద, చేమాకు మీద లాగ, బొట్లుగా నిలుస్తాయి. బండి వేగానికి ఆ బొట్లు గాలికి కొట్టుకుపోతాయి.

అయితే గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగం ఉంటేనే అలా జరుగుతుంది. పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద, అదీ వాన తేలికగా ఉన్నప్పుడు, సరే. ఊరి దారుల్లో 30, 40 మీద పోయేటప్పుడు బొట్లు అక్కడే నిలిచి, ఒక్కొక్కటీ ఎదుటి లైటును చెదరగొడుతుంది. బొట్లు పోవాలని వేగం పెంచడం తెలివితక్కువ పని. ఒక్కదానికే డబ్బుంటే ముందు వైపర్ రబ్బరు మార్పించండి అంటాము.

మందు పూసేవారు అద్దాన్ని సబ్బునీళ్లతో కడిగి, ఆరనిచ్చి, నీడలో పూయండి. తెల్లగా ఆరాక పొడిగుడ్డతో బాగా తుడవాలి. మరక మిగిలితే రాత్రి అదే మెరుస్తుంది. కొన్ని వారాలకు మళ్లీ పూయాలి. హెల్మెట్ ప్లాస్టిక్ అద్దానికి మాత్రం గాజు మందు వద్దు. సీసాలో ఆల్కహాలు ఉంటుంది గనుక పిల్లలకు, పొయ్యికి దూరంగా పెట్టండి.

వైపర్ చెడినప్పుడు లారీవాళ్లు బీడీ పొగాకు రుద్దుతారు. దానితో నీరు పలుచగా పరుచుకుని కాసేపు దారి కనిపిస్తుంది, అంతే. కిరోసిన్, కొబ్బరినూనె మాత్రం రుద్దకండి.

బండి నిండా మనుషులుంటే అద్దం లోపల ఆవిరి పడుతుంది. దానికి పైమందు పనిచేయదు. ఏసీ వేయాలి, లేదా కిటికీ కొంచెం దించాలి.

అద్దం శుభ్రంగా ఉన్నా, వాన లేకున్నా, రాత్రి లైట్లు చుట్టూ పగిలినట్లు కనిపిస్తే తప్పు అద్దానిది కాకపోవచ్చు. యాభై దాటినవారిలో శుక్లం ఇలాగే మొదలవుతుంది. ఈసారి ఓపీకి వచ్చినప్పుడు మీ బండి నడిపే ఆయన్ను బయట చెట్టుకింద కూర్చోబెట్టకుండా, లోపలికి తెచ్చి కళ్లు చూపించండి.