సైకిల్ చేతికొచ్చాక ఊరి వంతు

పల్లెటూరి పిల్లల చదువు తెగిపోయేది చాలాసార్లు హైస్కూలు దారిలోనే. విద్యాహక్కు చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరులోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలోపు ఉండాలి. హైస్కూలుకు అనుకున్న హద్దు ఐదు కిలోమీటర్లు. రోజూ రానూపోనూ నడవాలంటే ఇది ఎక్కువ దూరం. సైకిల్ మీదైతే అరగంట ప్రయాణం. అందుకే ప్రభుత్వాలు సైకిళ్లు పంచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు సైకిళ్లు అందాయి.

పంచితే ఫలితం ఉంటుందా అన్నదానికి గట్టి సాక్ష్యం బిహార్. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ పక్కనున్న ఝార్ఖండ్‌తో పోల్చి లెక్క తీశారు. హైస్కూలు వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి. ఈ విషయంలో మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మార్పు కనిపించింది. పదిమంది ఆడపిల్లలు కలిసి రోడ్డెక్కితే ఒంటరిగా పంపడానికి జంకే ఇళ్లకూ ధైర్యం వస్తుంది.

కానీ సైకిల్ ఇవ్వడం ఒక్కరోజు పని. దాన్ని మూడేళ్లు నడిపించడం ఊరి పని. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా ఈ సంగతి పిల్లలకంటే ముందు తల్లుల విషయంలో చూపించింది. 1990ల మొదట్లో అక్కడ ‘అరివొళి ఇయక్కం’ అనే అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతోపాటు సైకిల్ తొక్కడం నేర్పడాన్నీ ఉద్యమంలో చేర్చారు. నేర్చుకున్నవాళ్లే మరొకరికి నేర్పారు. సైకిల్ కొనడానికి బ్యాంకులు అప్పులిచ్చాయి. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. ముందు బారు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే కోరుకున్నవాళ్లూ ఉన్నారు. లక్షమందికి పైగా పల్లె స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఇందులో ప్రభుత్వం, బ్యాంకు, స్వచ్ఛంద కార్యకర్త, నేర్చుకునే మనిషి అందరూ తలా ఒక చెయ్యి వేశారు. సైకిల్ తొక్కే తల్లి కూతురి సైకిల్‌కు అడ్డు చెప్పదు.

నిర్వహణ సంగతికి వస్తే ఆఫ్రికాలోని జాంబియా పద్ధతి గమనించదగ్గది. వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ అక్కడ బడి పిల్లలకు సైకిళ్లిచ్చే ముందు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ఊరి పెద్దలతో కమిటీ వేయిస్తుంది. సైకిల్ ఎవరికి ఇవ్వాలో ఆ కమిటీయే తేలుస్తుంది, బడికి వాడుతున్నారా లేదా అన్నదీ కనిపెట్టి ఉంటుంది. స్థానికుల్లో కొందరికి మరమ్మతు పని నేర్పుతారు. మన పంపిణీల్లో ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరి అంశాన్నే.

పల్నాడులోని గురజాల ప్రాంతానికి ఈ మరమ్మతు సంగతి మరీ వర్తిస్తుంది. ఇక్కడి దారుల్లో కంపచెట్ల ముళ్లకు, పల్లేరుకాయలకు కొదవలేదు. పంక్చరైన సైకిల్ వారంపాటు గోడకు ఆనించి ఉంటే పిల్ల మళ్లీ ఆటో ఎక్కుతుంది, లేదా బడే మానేస్తుంది. బడి దగ్గర ఒక గాలిపంపు, నాలుగు పానాలు, కాసిని ప్యాచీలు, నెలకోసారి వచ్చి బ్రేకులు బిగించే మెకానిక్ ఉంటే చాలా సైకిళ్లు మూలపడవు. ఇదంతా పెద్ద ఖర్చు కాదు. విద్యాహక్కు చట్టం చెప్పిన పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి, ఈ బాధ్యత తీసుకోవడానికి వేదిక కొత్తగా వెతకనక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ సున్నపురాయి మీద ఆధారపడ్డ సిమెంటు పరిశ్రమ ఉంది. ఆ రాయీ సిమెంటూ మోసే లారీలు తిరిగే రోడ్లే పిల్లలవీ కనుక, ఈ ఖర్చు అడగడంలో న్యాయం కూడా ఉంది.

భద్రతకు పైదేశాల్లో ఒక పద్ధతి పేరుపడింది. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 2021 నుంచి పిల్లలు ‘సైకిల్ బస్సు’గా కదులుతున్నారు. నిర్ణీత వేళకు ఒకచోట బయల్దేరి, దారిలో మిగతావాళ్లను కలుపుకుంటూ, ముందూ వెనకా పెద్దలు కాపుగా బడికి చేరతారు. పల్నాడులో దీనికి ప్రత్యేక ఏర్పాట్లేమీ అక్కర్లేదు. అటువైపే పొలానికి, పనికి వెళ్లే ఇద్దరు పెద్దలు వంతులవారీగా వెంట ఉంటే చాలు. మలుపుల దగ్గర, పెద్ద రోడ్డు దాటే చోట బడివేళకు ఒక పోలీసు గానీ పంచాయతీ మనిషి గానీ నిలబడితే మరీ మంచిది.

ఎండ సంగతి వేరే చూడాలి. గురజాల మండలంలోని జంగమహేశ్వరపురం, పక్క మండలం రెంటచింతల వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలతో వార్తల్లోకి వస్తుంటాయి. ఒంటిపూట బడుల రోజుల్లో పిల్లలు ఇంటికి మళ్లేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఆ నెలల్లో దారి మధ్యలో చలివేంద్రం, నీడ ఉన్న ఒక మజిలీ తప్పనిసరి. పదో తరగతి పిల్లలకు ఇబ్బంది మరో రకం. సాయంత్రం ప్రత్యేక తరగతులు ముగిసేసరికి చీకటి పడుతుంది. వాళ్ల సైకిళ్ల మడ్‌గార్డులకు మెరిసే స్టిక్కర్లు అంటించడం, దూరపు ఊళ్ల పిల్లలను ముందుగా వదిలేయడం ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉన్న పనులే.