మీకు తెలుసా? సూరత్ ఎండకే కరిగే లోహం
గాలియం 29.8 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. సూరత్ వేసవిలో మధ్యాహ్నం బల్ల మీద పెడితే చాలు, పొయ్యి అక్కర్లేదు. దానికి ఇండియం, తగరం కలిపితే ఏ కాలంలోనైనా గదిలో ద్రవంగానే ఉంటుంది. ప్రాసెసర్‌కూ దాని వేడిని లాగే హీట్‌సింక్‌కూ మధ్య పూసే ‘లిక్విడ్ మెటల్’ సాధారణంగా ఈ మిశ్రమమే. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోనూ లిక్విడ్ మెటలే వాడారు.

మరి ఏళ్లు గడిస్తే? సిలికాన్ చిప్‌కు మామూలుగా ఏమీ కాదు. రాగి హీట్‌సింక్ మాత్రం గాలియాన్ని మెల్లగా పీల్చుకుంటుంది. పూత ఎండి గట్టిపడుతుంది, ప్రాసెసర్ మళ్లీ వేడెక్కుతుంది. అప్పుడు గీకేసి కొత్తగా పూయాల్సిందే. రాగి మీద నికెల్ పూత ఉంటే చాలావరకు మరకతో సరిపోతుంది. అయితే ప్రాసెసర్ మూత మీది అక్షరాలు చెరిగిపోతే వారంటీ అడగడం కష్టం! అల్యూమినియం హీట్‌సింక్ జోలికి అసలు వెళ్లకూడదు: గాలియం లోపలికి చొరబడి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. మదర్‌బోర్డు మీద చుక్క జారితే షార్ట్ సర్క్యూట్ భయం వేరే.

అన్నట్టు, సూరత్ సానపట్టే వజ్రం రాగికంటే దాదాపు ఐదు రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. కొన్ని ఎలక్ట్రానిక్ పరికరాల్లో వేడిని లాగే పలకలుగా కృత్రిమ వజ్రాన్ని ఇప్పటికే వాడుతున్నారు.