ఓడ మీద గీత గీయించిన మనిషి

విశాఖపట్నం, కాకినాడ రేవులలో పెద్ద ఓడలను మనలో అనేకులు చూచియుంటారు. ఈసారి చూచినప్పుడు ఓడ ప్రక్కభాగాన నడిమధ్యకు చూడండి. ఒక సున్న, దానికి అడ్డముగా ఒక గీత, ప్రక్కనే నిచ్చెన మెట్లవలె మరికొన్ని చిన్న గీతలు కనబడతాయి. సరుకు ఎక్కించేకొద్దీ ఓడ నీటిలోనికి దిగుతుంది. ఆ కాలానికీ, ఆ సముద్రానికీ నియమించిన గీత మునిగేటంతగా సరుకు ఎక్కించరాదు. ఆ గుర్తును ప్లిమ్‌సాల్ గీత అంటారు. దాని వెనుక ఒక వ్యాపారి కన్నీరు, కోపము ఉన్నవి.

సామ్యూల్ ప్లిమ్‌సాల్ 1824లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణములో జన్మించారు. షెఫీల్డులో గుమాస్తాగా పనిచేసి, బీరు తయారుచేసే ఒక కంపెనీకి మేనేజరు అయ్యారు. 1853లో లండను వెళ్లి బొగ్గు వ్యాపారము ఆరంభించారు. అది దెబ్బతిన్నది. చేతిలో వారానికి కొద్ది షిల్లింగులు మాత్రమే మిగిలినందున కూలివారు తలదాచుకొనే చవుక వసతిగృహములో కొంతకాలము గడిపారు. లేనివారు ఒకరినొకరు ఎలా ఆదుకొంటారో అక్కడ కళ్లారా చూచారు. తరువాత వ్యాపారము నిలదొక్కుకొని ధనవంతుడైనప్పటికీ ఆ రోజులను మరువలేదు.

1868లో డెర్బీ నుండి పార్లమెంటు సభ్యుడయ్యారు. ఆ రోజులలో నావికుల బ్రతుకు దయనీయము. కొందరు యజమానులు పాతబడిన ఓడలను మితిమీరిన సరుకుతో పంపేవారు. ఓడ మునిగినా వారికి భీమా సొమ్ము వచ్చేది. నావికుని భార్యాబిడ్డలకు మిగిలేది దుఃఖమే. అట్టి ఓడలకు జనులు “శవపేటిక ఓడలు” అని పేరు పెట్టారు. పనికి ఒప్పుకొని సంతకము చేసిన నావికుడు, తీరా ఓడను చూచి భయపడి ఎక్కనంటే జైలుకు పంపేవారు!

యజమానులందరూ అట్టివారు కారు. ఓడలకు గీత కావాలని ప్లిమ్‌సాల్ కంటె ముందే పోరాడిన జేమ్స్ హాల్ కూడ న్యూకాసిల్‌లో ఓడల యజమానియే. ప్లిమ్‌సాల్ ఆ భారమును తనమీద వేసికొన్నారు. 1873లో నావికుల పక్షముగా ఒక పుస్తకము ప్రచురించారు. దేశము కదిలింది. పరువునష్టము దావాలు కూడ ఆయన మీదికి వచ్చాయి.

1875 జూలై 22న ప్రధానమంత్రి డిజ్రేలీ ఓడల బిల్లును ఆ సమావేశములో విడిచిపెడుతున్నట్లు ప్రకటించారు. ప్లిమ్‌సాల్ ఆగలేకపోయారు. సభ మధ్య నిలబడి పిడికిలి ఊపుతూ, సభలోని కొందరిని దుర్మార్గులని పిలిచారు. వారము తరువాత సభకు క్షమాపణ చెప్పారు. మాట తీరుకు క్షమాపణ అడిగారే గాని నావికుల పక్షము విడిచిపెట్టలేదు. ప్రజల ఒత్తిడి వలన ప్రభుత్వము వెంటనే తాత్కాలిక చట్టము చేసింది. 1876లో గీతను తప్పనిసరి చేస్తూ చట్టము వచ్చింది.

అయితే గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే అధికారము యజమానికే ఉండిపోయింది. ఒక కెప్టెను దానిని పొగగొట్టము మీద గీయించాడని చెప్పుకొంటారు! 1890 చట్టముతో గాని ఆ లోపము తీరలేదు. 1930లో అనేక దేశములు కలిసి ఇట్టి నియమమునకు ఒప్పందము చేసికొన్నవి.

1880లో ప్లిమ్‌సాల్ డెర్బీలో మరల గెలిచారు. తన పార్టీ మంత్రి హార్‌కోర్ట్‌కు సీటు అవసరమైనప్పుడు తన స్థానమును విడిచి ఇచ్చారు. పదవి పోయినా నావికుల మేలుకొరకు పాటుపడటము మానలేదు. 1898లో ఫోక్‌స్టన్‌లో కన్నుమూశారు. 1929లో నావికుల సంఘము లండనులో థేమ్స్ నది గట్టున ఆయన జ్ఞాపకచిహ్నము నిలిపింది.

మన గ్రామములలో పెండ్లికి ట్రాక్టరు మీద ఎంతమందిని ఎక్కిస్తున్నాము? రేవు దాటే పడవలో “ఇంకొక్కరే కదా” అని ఎన్నిసార్లు అన్నాము? లాభము కొరకో, తొందర కొరకో ఇతరుల ప్రాణములను తూకములో పెట్టరాదని ఆ చిన్న గీత చెబుతుంది. ఓడకు గీత గీయటానికి చట్టము కావలసి వచ్చింది. మన బండికి, మన పడవకు, మన ఆశకు గీత మనమే గీసికొందము.