పర్లాకిమిడి పాట, సోంపేట కంటిచూపు

టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతాల్లో క్రైస్తవ మిషనరీల సేవ చాలాకాలం ఆశించిన ఫలం కనపడకుండానే సాగింది. అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒంగోలు వైపు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. టెక్కలి, సోంపేటలున్న ఈ ఉద్దానం వైపు అలాంటి రోజు రాలేదు. అయినా ఇక్కడ పనిచేసినవాళ్ళు మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోలేదు. వాళ్ళ విశ్వాసాన్ని అర్థం చేసుకోవాలంటే బాప్తిస్మాల లెక్కలను పక్కనపెట్టి, చేతికి అందిన పనిని వాళ్ళు ఎలా చేశారో చూడాలి.

వీళ్ళందరికంటే ముందువారు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. క్రైస్తవ కరపత్రాలు చదివి మనసు మార్చుకుని, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో దాని అర్థం ఇల్లు, కులం, పరువు ఒకేసారి పోవడం. అయినవాళ్ళు దూరమయ్యారు. ఆయన మాత్రం తనకు పట్టుబడిన తెలుగు పద్యవిద్యనూ సంగీతాన్నీ వదులుకోలేదు. రాగం, తాళం పెట్టి కీర్తనలు రాశారు. 1890లో ఆయన కన్నుమూశారు. ఆ కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో చేరి, ఊరూరా చర్చిల్లో నేటికీ వినిపిస్తున్నాయి. వెలివేతకు గురైన మనిషి తన భాషనే ఆసరా చేసుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే కదిలించే ఘట్టం.

విదేశీయుల కథ ఓటమితోనే మొదలైంది. 1873లో కెనడా తూర్పు తీరంలోని మారిటైమ్ రాష్ట్రాల నుంచి కొందరు బాప్టిస్టు యువ మిషనరీలు సయాం (నేటి థాయ్‌లాండ్)లోని కరెన్ తెగవారి మధ్య పనిచేయాలని బయలుదేరారు. తీరా వెళ్ళాక అక్కడ కరెన్లు బాగా తక్కువని తేలింది. అప్పటికే ఒంటారియో బాప్టిస్టులు కాకినాడలో ఉన్నారు. వాళ్ళ పిలుపుతో 1875లో ఈ బృందం తెలుగు నేలకు వచ్చింది. వారిలో శాన్‌ఫర్డ్ భీమునిపట్నం, చర్చిల్ బొబ్బిలి, ఆర్మ్‌స్ట్రాంగ్ శ్రీకాకుళం పంచుకున్నారు. కరెన్ల కోసం ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు ఇప్పుడు కొత్తగా తెలుగు అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది. తర్వాత టెక్కలి, సోంపేట కూడా వాళ్ళ కేంద్రాలయ్యాయి.

ఫలితం కళ్ళెదుట కనపడింది సోంపేటలో. కెనడియన్ బాప్టిస్టుల ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. కొబ్బరితోటల ఊళ్ళలో కంటిచూపు పోయిన ముసలివాళ్ళకు మూల గదే లోకం. మంచినీళ్ళకైనా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవలసిందే. కంట్లో కృత్రిమ కటకం పెట్టడం వాడుకలోకి రాని రోజులవి. మసకబారిన కటకాన్ని మొత్తంగా తీసేసేవారు. ఆ తర్వాత కట్టు కట్టుకుని తల అటూ ఇటూ కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. కట్టు విప్పాక సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవారు. వాటితోనే మనవల ముఖాలు గుర్తుపట్టేవారు, పొలం గట్టు మీద నడిచేవారు.

అడ్డంకి వైద్యం తెలియకపోవడం కాదు, డబ్బు. ఒక మనిషికి చూపు తెప్పించడానికి అప్పట్లో 25 డాలర్లు సరిపోయేవి. ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళు మాత్రం లెక్కకు మించి ఉండేవారు. సెలవుపై కెనడా వెళ్ళిన గలిసన్ కాల్గరీలో ఈ మాటే చెప్పారు. అక్కడి వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్, ఆయన మిత్రులు ముందుకొచ్చారు. 1963లో అలా పుట్టిన సంస్థే 'ఆపరేషన్ ఐసైట్'. సోంపేట రోగుల కోసం మొదలైన ఆ సాయం తర్వాత భారతదేశంలోని ఇతర ప్రాంతాలకూ, నేపాల్, ఘనా, కెన్యా, జాంబియాలకూ విస్తరించింది.