అచ్చు మార్చే మూడు నిమిషాలు

1927 మేలో హెన్రీ ఫోర్డ్ 'మోడల్ టి' కారు తయారీని ఆపేశాడు. అప్పటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, పన్నెండున్నర గంటలు పట్టే కూర్పు పని దాదాపు గంటన్నరకు వచ్చింది. 1908లో 850 డాలర్లున్న ధర 300 లోపుకు దిగింది. అయితే 1914 నుంచి పదకొండేళ్లకు పైగా ఆ కారు నలుపులోనే దొరికింది. ఈలోగా జనరల్ మోటార్స్, త్వరగా ఆరే డ్యూకో పెయింట్లతో రంగురంగుల కార్లు దించింది. కొనేవాళ్లు అటు మళ్లారు. ఫోర్డ్ యంత్రాలన్నీ ఒకే కారు కోసం పుట్టినవి కావడంతో కొత్త మోడల్‌కు మారడానికి నెలలు పట్టింది.

వస్తువు మారిన ప్రతిసారీ యంత్రం ఆగాలి. ఆ ఆగే సమయాన్ని తగ్గించడమే తర్వాతి తరం ఇంజనీర్ల పనయింది.

కారు తలుపు కావాలంటే ఉక్కు రేకును ప్రెస్‌లో పెట్టి అచ్చుతో ఒత్తాలి. టన్నుల బరువుండే ఆ అచ్చును తీసి మరొకటి బిగించడానికి గంటలు పడితే, ఉన్నదానితోనే వేల తలుపులు ఒత్తి గోదాములో పేర్చక తప్పదు. 1969లో టయోటాలో ఒక వెయ్యి టన్నుల ప్రెస్‌కు నాలుగు గంటలు పట్టేది. షిగెయో షింగో అనే ఇంజనీరు ఆ పనిని రెండుగా విడదీశాడు: యంత్రం ఆగితేనే చేయగలిగేవి, నడుస్తుండగానే చేసుకోదగ్గవి. తర్వాతి అచ్చును ముందే తెచ్చి పక్కన ఉంచడం, పనిముట్లు సిద్ధం చేసుకోవడం రెండో కోవలోకి వెళ్లాయి. ఆరు నెలల్లో నాలుగు గంటలు గంటన్నర అయ్యాయి. మరో మూడు నెలలకు మూడు నిమిషాలు! కంప్యూటర్ల ఊసు లేకుండా, పనిని నిశితంగా గమనించడంతోనే ఇంత జరగడం నిజంగా అబ్బురం. ఇక ఎన్ని తలుపులు అవసరమో అన్నే ఒత్తవచ్చు.

అచ్చుల తర్వాత అతుకుల పనిలోనూ మార్పు తేలికైంది. 2019లో సెల్టోస్ కారుతో మొదలైన పెనుకొండ కియా ఫ్యాక్టరీలో ఇప్పుడు సోనెట్ వంటి ఇతర మోడళ్లూ తయారవుతున్నాయి. ఇలాంటి చోట వెల్డింగ్ రోబోకు ప్రోగ్రామ్ మారిస్తే చాలు, అదే చేయి మరో కారు అతుకుతుంది.

త్రీడీ ప్రింటర్ వచ్చాక కొన్ని వస్తువులకు అచ్చు మార్చే పనే పోయింది. చెవిలో ఇమిడే వినికిడి యంత్రాన్నే చూడండి. ఏ ఇద్దరి చెవులూ ఒకేలా ఉండవు గనుక, దాని తొడుగును ఒకప్పుడు నిపుణులు చేత్తో చెక్కి సరిచేసేవారు. ఇప్పుడు చెవి ముద్రను స్కాన్ చేస్తారు. ద్రవ రెసిన్‌ను కాంతితో పొరపొరగా గట్టిపరుస్తూ ప్రింటర్ తొడుగును కడుతుంది. ఒకే పళ్లెంలో ఎందరెందరి తొడుగులో ఒక్కసారే తయారవుతాయి, ఏ రెండూ ఒకటి కాకుండా.

కారు తలుపుకు మాత్రం ఈ పద్ధతి గిట్టదు. ప్రెస్ సెకన్లలో ఒత్తేదాన్ని ప్రింటర్ గంటల తరబడి కట్టాలి. అందుకే అది చెవి, పన్ను, ఎముక లాంటి మనిషికో కొలత ఉన్న చోటనే ముందుగా కుదురుకుంది.