రాష్ట్రపతిగా ఎవరు, ఎందుకు? జాలరిపేట ఒడ్డున ఒక లెక్క

వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు కదలకూడదు. విశాఖ పెద్ద జాలరిపేట ఇసుకలో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగపట్టి, చిరిగిన చోట ఒక్కో కన్నూ ముడివేస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“బాబూ, అన్ని ఓట్లూ ఏత్తన్నాం గదా, మరి రాష్ట్రపతికి మనమెప్పుడు ఏత్తాం?”

“మనం వెయ్యం తాతా. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు వేస్తారు” అన్నాను.

“నాకే గానీ ఓటుంటే కలాం గారికే ఏద్దును. పడవోళ్ల బిడ్డ. సముద్రం తెలిసినోడు.”

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఓటే లేని మనిషి దగ్గర కూడా ఎవరు కావాలో, ఎందుకు కావాలో సిద్ధంగా ఉంది. ఓటున్నవాళ్లు మనకు ఆ ‘ఎందుకు’ చెప్పడం మాత్రం అరుదు.

ముందు మన వాటా ఎక్కడుందో చూద్దాం. రాజ్యాంగంలోని 54వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిని ఎన్నుకునేది పార్లమెంటు ఉభయసభల్లోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభల్లోని ఎన్నికైన సభ్యులు. శాసనమండలి సభ్యులకు ఓటు లేదు, నామినేటెడ్ సభ్యులకూ లేదు. ఎమ్మెల్యే ఓటుకు ఒక విలువ ఉంటుంది. 1971 జనాభా లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభా 2,78,00,586. దాన్ని 175 మంది ఎమ్మెల్యేలతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే 159. మన ఎమ్మెల్యే ఒక్క ఓటు 159 ఓట్ల కింద లెక్క. తెలంగాణలో అది 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 2022 ఎన్నికలో ఎంపీ ఓటు విలువ 700.

ఇప్పటికీ 1971 లెక్కలే ఎందుకంటే, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని అక్కడ ఆపేశారు. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చేదాకా ఇదే నడుస్తుంది. వల కుడుతున్న తాత ఆ 159లో ఉన్నాడు. ఆయన మనవలు అందులో లేరు. అయినా ఆ ఒక్క అంకెలోనే వాళ్ల తరఫు మాట కూడా వినిపించాలి.

ఓటు వేసే పద్ధతి తెలిస్తే అసలు విషయం అర్థమవుతుంది. ఎంపీలకు ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు బ్యాలెట్. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు సిరా కలంతోనే అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2 అని ప్రాధాన్యం రాయాలి. తెలుగు అంకెల్లో రాసినా చెల్లుతుంది, మాటల్లో రాస్తే చెల్లదు. ఓటు రహస్యం. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఎన్నికలో పార్టీ విప్ పనిచేయదు. పార్టీ చెప్పినట్టే వేయాలన్న చట్టం లేదు. అంటే ఆ కలం పట్టుకున్న క్షణాన ఎమ్మెల్యే దగ్గర తన కారణం తనకుండాలి.

ఆ కారణాన్ని దేశం మొత్తం ఎదుట నిలబెట్టిన ఎన్నిక 1969లో జరిగింది. బరిలో ముఖ్యులిద్దరూ మనవాళ్లే. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ పార్టీ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకర్. ఆయనకు ఎదురు నిలిచింది ఉపరాష్ట్రపతి వి.వి. గిరి. బరంపురంలో తెలుగింట పుట్టినవాడు, వాల్తేరు మీదుగా నడిచే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించినవాడు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లినవాడు. ఉత్తరాంధ్రకు ఆయన పరాయివాడు కాడు.

సంజీవరెడ్డి నామినేషన్ మీద స్వయంగా సంతకం చేసిన ప్రధాని ఇందిరాగాంధీ, చివరికి వచ్చేసరికి అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపుకు కావలసింది 4,18,169. అది ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపితే గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. ఇప్పటి మన ఎమ్మెల్యే ఓటు విలువతో చూస్తే 93 మంది కూడా కాదు.

ఆ రోజు ఓటేసినవాళ్లలో ఒకరు కార్మిక నాయకుడని గిరికి వేసి ఉంటారు, ఇంకొకరు స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వం వదులుకున్న మనిషని రెడ్డికి వేసి ఉంటారు. చాలామంది ఇందిర వైపా, కాంగ్రెస్ పాత పెద్దల వైపా అన్నదే చూశారు. నా దృష్టిలో బలహీనమైన కారణం ఈ మూడోదే. ఎందుకో పదేళ్లకు తేలింది.

ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1979 జూలైలో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేస్తే ఆయన చరణ్‌సింగ్‌ను ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న దిగిపోయారు. తనకు అవకాశమివ్వాలని జగ్జీవన్‌రామ్ కోరుతుండగా, ఆగస్టు 22న సంజీవరెడ్డి లోక్‌సభను రద్దుచేశారు. అది సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. జగ్జీవన్‌రామ్‌ను ఒకసారి సభ ముందుకు పంపి చూడాల్సిందని నా అభిప్రాయం. ఏమైనా, ఆ రెండు రోజుల్లో దేశం ఎటు వెళ్లాలో ఒక్క మనిషి బుద్ధి మీద ఆధారపడింది.

రాష్ట్రపతి నడవడి తేటపడేది ఇలాంటి కొద్ది చోట్లే. ఎవరికీ మెజారిటీ లేనప్పుడు ఎవరిని పిలవాలి, కేబినెట్ పంపిన సలహాను పునరాలోచనకు ఒకసారి తిప్పి పంపాలా, ఆర్డినెన్సు మీద సంతకం పెట్టేముందు ప్రశ్న అడగాలా. మిగతా పనులన్నీ మంత్రిమండలి సలహా మేరకే. మన ఊరికి ఇది బాగా తెలియాలి. విశాఖ ఉక్కులో కేంద్రం వాటాలు రాష్ట్రపతి పేరు మీదే ఉంటాయి. కానీ అమ్మాలా వద్దా అని నిర్ణయించేది కేబినెట్. ఉక్కును కాపాడతాడని మనం ఒకరిని రాష్ట్రపతిగా కోరుకుంటే, ఆ పదవికి లేని బలాన్ని ఊహించుకున్నట్టే.

ఇక తాత కారణానికి వద్దాం. కలాం తండ్రికి రామేశ్వరంలో పడవ ఉండేది, యాత్రికులను దాటించేవాడు. 2006 ఫిబ్రవరిలో ఇదే విశాఖ తీరంలో నౌకాదళ సమీక్షకు వచ్చినప్పుడు కలాం సింధురక్షక్ జలాంతర్గామిలో సముద్రం లోపలికి వెళ్లారు. అలా వెళ్లిన తొలి భారత రాష్ట్రపతి ఆయనే. జాలరిపేట ఆయన్ను తనవాడనుకోవడంలో తప్పేముంది? మన బతుకు తెలిసినవాడు అన్నది గట్టి కారణమే. 2022లో ద్రౌపది ముర్ము పేరు వచ్చినప్పుడు ఆదివాసీ ఇళ్లలో పుట్టిన ఆనందమూ అలాంటిదే.

కానీ దాని పక్కన ఇంకో కారణం కూడా పెట్టుకోవాలి. అదే కలాం 2005లో బీహార్ శాసనసభ రద్దు ఉత్తర్వు మీద మాస్కోలో ఉండగానే సంతకం పెట్టారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది లాభదాయక పదవుల బిల్లును మాత్రం పునరాలోచించమని పార్లమెంటుకు తిప్పి పంపారు. ఆ మనిషే ఒకచోట తొందరపడ్డాడు, ఇంకోచోట నిలబడ్డాడు. పుట్టుక ఈ తేడా చెప్పదు. అభ్యర్థి అంతకుముందు గవర్నరుగానో, స్పీకరుగానో, న్యాయమూర్తిగానో పనిచేసి ఉంటే, ఒత్తిడి వచ్చిన రోజు ఏం చేశారన్నది చెబుతుంది. నాకే ఓటుంటే మొదట చూసేది అదే. తర్వాత, పేదవాడి బతుకు దగ్గరగా చూశారా లేదా. మా కులమా, మా జిల్లానా అన్నది నా జాబితాలో లేదు.

2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుల నుంచి ముర్ముపై పోటీచేసిన యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. అప్పటి అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ముర్ముకే మద్దతిచ్చాయి. అందులో తప్పు లేదు. కానీ విప్ లేని ఎన్నికలో ఇంతమంది ఒకేవైపు వేసినప్పుడు, ‘నేను ఇందుకు వేశాను’ అని తన నియోజకవర్గంలో నిలబడి చెప్పే బాధ్యత ఒక్కొక్కరికీ ఉంది.

నేను ఇదంతా చెప్పేసరికి తాత వలలో ఆ చిరుగు మూతబడింది. దారం కొస కొరికి, “అయితే మనోడు ఎవురికి ఏత్తాడో ముందుగాల అడగాల” అన్నాడు.

ముర్ము పదవీకాలం 2027 జూలైతో ముగుస్తుంది. ఆలోగా మీ ఎమ్మెల్యే మీ వీధికి వస్తారు, పెళ్లికో, శంకుస్థాపనకో, పండగకో. రోడ్డు, కుళాయి సంగతి అడిగాక ఇదీ అడగండి. మీ చేతిలోని 159 ఎవరికి, ఎందుకు?