లొట్టికి సున్నము - ఇంటికి బెల్లము

తాటిచెట్టు ఇచ్చు రసమొక్కటే. దింపెడి విధమును బట్టి అది ఆహారమైనను అగును, మత్తుపదార్థమైనను అగును.

గెలనుండి కారు తాజా రసము నీరా. ఇందు నూటికి సుమారు 10 మొదలు 12 పాళ్లు చక్కెర యుండును. పాత లొట్టికి అంటియున్న ఈస్టు ఈ చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. నురగకు కారణమిదియే. పొద్దెక్కిన కొలది పులుపు, మత్తు హెచ్చును. అదియే కల్లు.

నీరా కావలెనన్నచో లొట్టిని శుభ్రముగ కడిగి, లోపల తడి సున్నము పూసి సాయంకాలము కట్టవలెను. సున్నమున్నచోట ఈస్టు పెరుగదు. తెల్లవారుజామున దింపి, సున్నము పేరుకొనిన పిదప తేటను వడగట్టి, జాగు చేయక వెడల్పు పెనములో కాచవలెను. సుమారు 8 లీటర్లకు కిలో బెల్లము వచ్చును.

కల్తీకల్లు మరింత ప్రమాదకరము. క్లోరల్ హైడ్రేటు, డైజీపాము కలిపిన కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగ మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. అట్టివారిని దయ్యము పట్టినదని ఇంట కట్టివేయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేపిన ఉద్యమము ఫలితముగ 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. చట్టములు మారుచుండును, గీతపనివాని ఇంట పొయ్యి మాత్రము ప్రతిదినము వెలుగవలెను గదా! నీరా దింపుటకు ఆబ్కారీ శాఖ అనుమతి అవసరము. దరఖాస్తు విషయమున గ్రామోద్యోగులు గీతపనివారికి తోడ్పడిన, కల్లు పాత్రలోనికి పోవు చక్కెర కొంతయైనను బెల్లమై ఇల్లు చేరును.